ఆగస్టు ఆఖరి సోమవారం

ఈ దేశంలో సముద్రానికి అన్నిటికన్నా దూరమైన చోటు
మా ఇంటికి పదిహేను మైళ్లలోనే ఉందట.
డెర్బీకి వచ్చిన కొత్తలో ఎవరో చెప్తే
ఓబులేసు మురిసిపోయాడు:
"అనంతపురమోళ్లకి ఇంతకన్నా ఏం కావాలబ్బా!"

మాకు సముద్రమంటే
ఉప్పు ప్యాకెట్టు మీది మూడు నీలం గీతలు.
ఇరవై రెండేళ్లప్పుడు కాలేజీ బస్సులో మద్రాసు పోయి
మొదటిసారి చూసి నేనన్న మాట:
"ఇన్ని నీళ్లలో ఒక్క బిందె తాగను పనికిరాదా?"

అయినా ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాను.
ఆగస్టు ఆఖరి సోమవారం బ్యాంకు సెలవు.
శని, ఆది, సోమ. శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు
జోవితా చేస్తే మూడున్నర రోజులు.
బదులుగా క్రిస్మస్ రాత్రి ఆమె వార్డు నేను చూడాలి.
బేరం కుదిరింది.

పోర్చుగల్లో ఫారో. మనిషికి తొంభై నాలుగు పౌండ్లు.
టీ పెట్టుకొని వచ్చేలోపు నూట పన్నెండు.
తెర అవతల ఎవడో కూర్చుని
వంకాయల బండివాడిలా నా మొహం చూసి ధర చెప్తున్నాడు.
ఆశ కనపడనీకుండా బేరమాడాలనేది మా అవ్వ.
ఒకే గదిని పదకొండుసార్లు తెరిచి చూసినదాన్ని,
నేనెక్కడ దాచేది?

సముద్రం కనిపించే గదికి ఇంకో అరవై.
"కనపడకపోతేనేం, వినపడుతుంది కదా" అన్నాడు ఓబులేసు.
నయం, వినపడేదానికి వేరే రేటు పెట్టలేదు.

తరళకి ఎనిమిదేళ్లు. ముందే కొనిపించుకున్న
గాలి హంస మంచం కింద
నాలుగు మడతలుగా పడుకుని ఉంది.

మూడు పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచాను.
మూడూ నీలమే, చీకట్లో ఏది ఎవరిదో తెలీదు.
పిల్లది తలుపు.
మా ఇద్దరివీ తలుపు తట్టే చేతులు.

వీసా ఆఫీసులో ఖాళీ కోసం
రాత్రి ఒంటిగంటా నలభైకి లేచేదాన్ని,
చంటిపిల్లకి పాలు పట్టే వేళలు మళ్లీ వచ్చినట్టు.
జూన్ లేదు. జులై లేదు.
ఆగస్టు నిండా బూడిదరంగు గళ్లు.
ఒకే ఒక్క పచ్చ గడి:
సెప్టెంబరు మూడు, మాంచెస్టరు, ఉదయం తొమ్మిదింబావు.
సెలవైపోయిన మూడో రోజు.

చెప్పడం ఎట్లా అని ఆలోచిస్తూ
తడి బట్టలు ఆరేస్తుంటే
బాయిలర్ వెనక ఒక తువ్వాలు దొరికింది.
మునిసిపాలిటీ కుళాయి వాసన.
మడతలో ఒక గుడ్డ బిళ్ల, దానిమీద నవ్వుతున్న చేప:
"పది మీటర్లు."

మంగళవారం మంగళవారం ఓవర్‌టైమ్ అన్నది ఇదా!

అడిగితే గోడకేసి చూస్తూ చెప్పాడు.
నలభై మూడేళ్ల మనిషి, ఏడేళ్ల పిల్లల వరసలో,
నురుగు పలక పట్టుకుని
కాళ్లాడించడం దిద్దుకుంటున్నాడు.
టీచరమ్మకి పంతొమ్మిదేళ్లట. భయంలేదు, ఓబీ, అంటుందట.
"పిల్ల అలల్లోకి పోతాంటే
గట్టున నిలబడి అరిచే నాన్న కావద్దనుకున్నా."

అప్పుడు చెప్పాను, సెప్టెంబరు సంగతి.
కాసేపు తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.
"మే నెల్లోనూ బ్యాంకు సెలవుంటుంది కదా?
అప్పటికి పాతిక మీటర్లయిపోతాయిలే."

పచ్చ గడి నొక్కాను.

ఆగస్టు ఆఖరి సోమవారం డెర్బీలో పొద్దంతా వాన.
హంసనైనా హాల్లో పెట్టుకుందాం రావే అంటే
తరళ ఒప్పుకోలేదు.
సముద్రం లేనిచోట కళ్లు తెరిపిస్తే
అది ఇల్లే సముద్రమనుకుంటుందట.

జోవితా మాత్రం మాట మాటే అంది.
క్రిస్మస్‌కి ఆమె ఎటో పోతోంది, టికెట్లు కొనేసింది.
ఎక్కడికని అడగలేదు.