పురి విప్పే చోటు

రోహిణి కార్తె. హన్మకొండ ల్యాబులో
మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది.
జనరేటర్‌లో డీజిలు లేదని
అటెండర్ సారయ్య ఖాళీ చేతులు తిప్పి చూపించాడు.
ముప్పై డిగ్రీల్లో ఉండాల్సిన ఫ్లాస్కు
బల్ల మీదే నలభై రెండుకు చేరింది.

ఈ బాక్టీరియాలో ఒక ప్రోటీను కొంచెం తేడా.
చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా పనిచేస్తుంది.
ఎండ తగిలితే
తన మడతలు తానే మర్చిపోతుంది.
డిఎన్ఎ-ఎ అంటారు దాన్ని.
మొదటి అక్షరం తప్ప ఇంకే గొప్పా లేని పేరు.

"ఏం జేస్తదే అది?" అని ఒకసారి అడిగింది
కొత్తవాడలో మా మేనత్త అంకుబాయి,
జంపఖాన మీద పంజాతో పేకను దిగగొడుతూ.

గుండ్రంగా ఒక దారం ఉంటదత్తా, కొసలు లేనిది,
రెండు పోగులు పురిపెట్టుకొని
నలభై ఆరు లక్షల మెట్లు.
అంత దారంలో ఒక్కటే చోటు,
అక్కడే పురి విప్పాలె.
ఒక్కటే వస్తే ఏం కాదు.
ఒకటి వచ్చి కూసుంటది, దాని పక్కన ఇంకోటి,
తలా ఇంత ఏటీపీ ఒడిలో పెట్టుకొని
దారాన్ని తమ చుట్టూ వంచుకుంటయి.
మూడు ముళ్ళ జంటల జోలికి పోవు,
రెండే ముళ్ళున్న కాడ పట్టి గుంజుతయి.
విచ్చుకుంటది.
ఆ సందులోకి మిగతావాళ్ళు దిగుతరు.
ఇక నేతంతా వాళ్ళదే.

అత్త పంజా ఆపింది.
"అచ్చు అతికినోని పేరు
జంపఖాన మీద కూసున్నోనికి ఎర్కనా?"

ఇంకో మాట ఆమెకు చెప్పలేదు.
ఒకసారి విప్పాక ఆ చోటును
వేరే ప్రోటీను వచ్చి కాసేపు కప్పేస్తుంది.
ఒడిలోని ఏటీపీ ఖర్చయిపోతుంది.
ఒక కాన్పుకు ఒక్క మొదలే.
మొదలుపెట్టే సరదా ఎక్కువైనా కణం బతకదు.

ఆ మధ్యాహ్నం ఫ్లాస్కులో
సగం నేసిన వాళ్ళు చివరిదాకా నేశారు.
కొత్తగా ఎవరూ కూర్చోలేదు.
కోట్ల మగ్గాలు, అన్నీ
మొదటి పోగు దగ్గరే.
నేనూ చెమటతో, రెండేళ్లుగా తెల్లగా ఉన్న
థీసిస్ మొదటి పేజీ ముందు
అట్టముక్కతో విసురుకుంటూ.

ఆరున్నర దాటాక ఫ్యాను కదిలింది.
ఫ్లాస్కును షేకర్‌లో పెట్టాను. ముప్పైకి దిగింది.
ఐదు నిమిషాలకో చుక్క తీసి మంచులో దాచాను,
ఎందుకో తెలియకుండానే.
హైదరాబాదుకు పంపితే
పది రోజులకు జవాబొచ్చింది:
మడతలు గుర్తొచ్చాయి వాటికి.
అన్నీ ఒక్కసారే విప్పాయి,
ముందూ వెనకా లేకుండా.

ఆ సాయంత్రం మాత్రం నాకేం తెలుసు.
"ఖరాబైనయా మేడం?" అన్నాడు సారయ్య.
ఏమో, టైము రాసిపెట్టు అన్నాను.
కరెంటు కోతల రిజిస్టర్‌లో,
'వచ్చినది' అన్న గడిలో,
పెన్ను రెండుసార్లు విదిలించి రాశాడు:
ఆరు నలభై.