ఇనుము ఏరే చోటు

మొయెందోలో మంచు పడదు.
పొద్దున్నే సముద్రం మీంచి ఓ తడిపొగ లేచొచ్చి
క్లినిక్ కిటికీ అద్దం మీద కూర్చుంటుంది, అంతే.
ఆ పొగలోంచి నడిచొచ్చింది నికాసియా వాల్పా.
నేరేడుపళ్ళు తిన్నట్టు పెదాలు,
గోళ్ళ చివర్లూ అదే రంగు.
ముప్పై ఒక్కేళ్ళు రింకొనాదాలో ఉందట,
ఐదువేల మీటర్ల ఎత్తున,
రేకు గోడకు గడ్డ కట్టిన ఊపిరిని
పొద్దున్నే చెంచాతో గీకే చోట.

వేలు కుట్టాను.
రక్తం వెంటనే రాలేదు.
పాకం జారినట్టు
కాసేపు ఆలోచించుకుని వచ్చింది.
సన్నటి గాజుగొట్టంలోకి ఎక్కించి
గిర్రున తిప్పే యంత్రంలో పెట్టాను.
ఐదు నిమిషాలు ఇద్దరం దాని రొద విన్నాం.

నూటికి అరవై ఆరు పాళ్ళు ఎరుపే.
పైన తేరిన పసుపునీరు
మొహమాటానికి నిలబడ్డట్టు కాస్తంత.

"ఇంత దేనికమ్మా?" అన్నాను, తెలిసే.
"పైన గాలి అప్పు పుట్టదయ్యా.
దొరికిన పిసరు మోయడానికే
మనుషుల్ని ఎక్కువ పెట్టుకున్నా."

పది రోజులకు మళ్ళీ వచ్చింది.
యాభై ఏడు.
"మిగతావాళ్ళేరీ?" అంది,
కూలి లెక్క తప్పిందన్నట్టు నా కాగితం వైపు చూసి.

చెప్పాను.
ఇంకా కావాలి, ఇంకా కావాలి అని
ఎముకల మూలుగకు కబురు పంపేది మూత్రపిండం.
నువ్వు బస్సు దిగిన మర్నాటి నుంచే
ఆ కబురు సన్నగిల్లింది.
ఇక్కడ గాలి చౌక కదా.

సరే, కొత్తవి పుట్టడం తగ్గింది.
పుట్టినవాటి మాటేమిటి?
నూట ఇరవై రోజులు రాసిపెట్టుంది ఒక్కోదానికీ.
ఇక్కడికొచ్చేసరికి నాకు నోరు తడబడింది.
ముసలివాటి జోలికి పోదమ్మా.
నిన్నగాక మొన్న మూలుగ గడప దాటినవి,
ఒంటి మెరుపు ఇంకా తగ్గనివి,
వాటినే పట్టి విరుస్తుంది ప్లీహం.

బాధపడుతుందనుకున్నాను.
"మా మేస్త్రీ కూడా అంతే" అంది.
"బంగారం సన్నగిల్లిన నెల
ముందు కుర్రాళ్ళ పేర్లే కొట్టేస్తాడు.
పాతవాళ్ళకు సొరంగం చీకట్లోనూ తెలుసు.
మా యెర్సన్ పేరు అలాగే పోయింది.
చెల్లెలి కొడుకు.
వారం రోజులు అన్నం ముట్టలేదు వెధవ.
ఇప్పుడు ఇక్కడే, చేపల పడవ మీద.
రోజూ తిట్టుకుంటూ తింటాడు."

కొంచెం ఆగి,
"విరిచి ఏం చేస్తుంది?"

లోపలి ఇనుము ఏరి దాస్తుంది.
రంగు పచ్చబడి పైత్యంలో కలుస్తుంది.
ఇనుము మాత్రం పోదు. రవ్వ కూడా.

నవ్వింది.
ఆ నవ్వుకు దగ్గొచ్చి, దగ్గుకు కన్నీళ్ళొచ్చాయి.
"అయితే అది నా పనేనయ్యా!"

ఆడది అడుగు పెడితే కొండ అసూయపడి
బంగారం లోపలికి లాక్కుంటుందని
గనిలోకి రానిచ్చేవారు కాదట.
మగాళ్ళు పనికిరావని విసిరేసిన రాళ్ళగుట్ట మీద
సుత్తి పట్టుకుని కూర్చునేది.
పగలగొట్టు, తిప్పు, చూడు, పారెయ్.
పగలగొట్టు, తిప్పు.
రోజుకో మెరుపు కనిపిస్తే ఆ రోజు గడిచినట్టు.
"ముప్పై ఒక్కేళ్ళూ
నా పక్కటెముకల కింద ఇంకొకత్తి
ఇదే పని చేస్తోందని
ఒక్కరూ చెప్పలేదు చూడు."

నలభై తొమ్మిది, ఆ తర్వాతి నెల.
పెదాలకు పెదాల రంగొచ్చింది.
చెవుల్లో హోరు తగ్గిందంది.
రాత్రి ఉలిక్కిపడి లేవడం లేదంది.
అయినా ఏదో కూడు పెట్టినవాణ్ణి
పొమ్మన్నట్టుందంది.

"మళ్ళీ ఎక్కితే?"
మళ్ళీ కబురెళుతుంది, మళ్ళీ పుడతాయి.
దాచిన ఇనుముంది కదా.
"ఊఁ" అంది.
వెళతానని గానీ మాననని గానీ చెప్పలేదు.

గొట్టం ఇలా ఇమ్మంది.
కిటికీ వెలుతురుకు ఎత్తి,
ఒక కన్ను మూసి,
వేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పింది.
తడి చేస్తే మెరుపు బాగా తెలుస్తుందని
పాత అలవాటున
నాలిక దాకా తెచ్చి
ఆగిపోయింది.