దాగలి మీద ఇద్దరమ్మలు

అజ్జరంలో తెల్లారేది ఇత్తడి మోతతోనే.
కోడి ఆ తరవాత కూస్తుంది, కూస్తే.

నాన్న కళ్లకి పొర కమ్మిన ఏడాది
ఉలి నా చేతికొచ్చింది.
బయట చెప్పుకోలేదు. పనికి పేరు నాన్నదే.
వీరభద్రాచారి చెక్కిన చక్రం అంటేనే
రెండొందలు ఎక్కువ పలుకుతుంది.

జ్యేష్ఠం. కాలవలకి ఇంకా నీళ్లు వదల్లేదు.
సోమవారం రేవు దాటి ముక్తేశ్వరం నించి
సోమయాజులుగారొచ్చారు,
పట్టుగుడ్డలో చుట్టిన రాగిరేకు, ఆరంగుళాలు.
వీధి వైపు ఓ కన్నేసి, గొంతు తగ్గించి చెప్పారు:
కిందికి చూసే ముక్కోణాలు ఐదు, పైకి చూసేవి నాలుగు.
మూడు గీతలు కలిసే ప్రతి చోటా
వెంట్రుకవాసి తేడా రాకూడదు.
వస్తే?
"వస్తే అమ్మ రాదు. వచ్చినా మండుతుంది."
బిందువు మాత్రం ఆఖర్న, శుక్రవారం సూర్యోదయానికి.
పోతూ పోతూ పెదాల మధ్య ఏవో అక్షరాలు నమిలి మింగారు.
నాన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు,
వినకూడనివి చెవిన పడతాయని.
తలుపు వెనక నాకూ ఏం వినపడలేదు.

బుధవారం నూకరాజు. తువ్వాల్లో గరగ.
కిందటి జాతరలో లాకుల దగ్గర కాలు జారి
అమ్మతో సహా పడ్డాడట.
కుడిపక్కన అరచెయ్యంత సొట్ట.
పసుపు, వేపమండ, ఎండిన కోడి నెత్తురు,
అడుగున ఎక్కడో పాత సారా వాసన.
"బయట్నించి ఒక్క దెబ్బ కూడా వద్దు పిల్లా,
అమ్మని మొహమ్మీద కొట్టినట్టుంటాది."
అతని దగ్గర దాచుకునే అక్షరాలేం లేవు.
గుమ్మంలోనే నిలబడి, బూతులు కలిపి,
గొంతెత్తి అమ్మని పాడేశాడు.
వీధి పిల్లలు వంత కలిపారు.

మాకున్న బల్ల ఒక్కటే. దాగలి ఒక్కటే.

ఆ మూడు రోజులూ బల్ల తాకొద్దంది నాయనమ్మ.
నాన్న ఏమీ అనలేదు.
తడుముకుంటూ దీపం నా వైపు జరిపాడు.

నా తొమ్మిదో తరగతి జామెట్రీ బాక్సులో కంపాసు
రాగి మీద ఆనించాను.
ముల్లు దిగింది.
ఆఖర్న పెట్టాల్సిన బిందువు మొదటే పడిపోయింది.
ఏం చెయ్యను,
ఎక్కడో ఒకచోట గుచ్చుకోకపోతే వలయం తిరగదు కదా.

గీతకీ గీతకీ మధ్య చెయ్యి నొప్పెట్టినప్పుడు
గరగ ఒళ్లోకి లాక్కున్నా.
మోచేతి దాకా లోపలికి పోనిచ్చి
కొయ్య సుత్తితో, నెమ్మదిగా,
చీకట్లో సొట్టని తడిమి తడిమి తట్టాను.
ఇత్తడి కొంచెం కొంచెంగా మొహం ఇటు తిప్పింది.
లోపల వెచ్చగా ఉంది. పొయ్యి దగ్గరుండడం వల్లేనేమో.

గరగ అంచు నించి రాలిన పసుపు
చక్రం గీతల్లో దూరింది.
చింతపండు పెట్టి తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను.
నలభై మూడు ముక్కోణాల్లో ఒకదాన్లో మాత్రం
పోనంది.
వదిలేశాను.

శుక్రవారం సోమయాజులుగారు
ఎర్రమందారం పెట్టి కళ్లకద్దుకుని అడిగారు,
"శుచిగా చెక్కారు కదా?"
"మా ఇంట్లో ఎవరు తాకాలో వాళ్లే తాకారు స్వామీ,"
అన్నాడు నాన్న.
ఆయన రేకుని ఎండకి తిప్పి, ఒక మూల ఆగి,
"ఇక్కడ బంగారం మెరుస్తోందే" అని
మళ్లీ చేతులు జోడించారు.
అరిటాకు మీద డబ్బు పెట్టి వెళ్లారు.
నూకరాజు ఇచ్చింది ఓ కోడిపెట్ట, అదీ బతికున్నది.
నాయనమ్మ తిట్టుకుంటూనే గంప కింద పెట్టింది.

ఆషాఢంలో జాతర రాత్రి
డప్పులు మా గుమ్మం ముందు ఆగాయి.
నూకరాజు కాళ్లకి నాయనమ్మ బిందెడు నీళ్లు పోసింది.
అతని నెత్తి మీద కుడిపక్క వెతికాను,
పెట్రోమాక్సు వెలుతుర్లో నున్నగా ఉంది, చెంపలాగే.
లోపల సుత్తి గుర్తులున్నాయి.
ఎన్నో నాకు తెలుసు.
చెప్పను.