అరవై మూడు దారులు

నెల్లూరు, మాగుంట లేఅవుట్ వెనక సందు.
కింద మోటార్లు రివైండింగ్ చేసే షాపు.
కాలిన రాగితీగను ఖాజావలి
చుట్టు చుట్టుకీ లెక్కపెడుతూ విప్పుతుంటాడు.
పైన నేను.
నా ముందు ఒకే ఒక్క మెథడ్,
ఎనిమిది వందల పన్నెండు వరుసలు.
పేరు మేతలెక్క.

రొయ్యల రైతుల ఫోన్లలో ఉండే యాప్ మాది.
ఈ పూట ఎన్ని కిలోలు చల్లాలో చెబుతుంది.
మైపాడు గుంటకు సరిచేస్తే
అల్లూరు గుంటకు తప్పు చెబుతోంది ఈమధ్య.

కొలత పెట్టి చూశాను.
ప్రతి 'అయితే'కీ ఒకటి, ప్రతి 'మళ్ళీ'కీ ఒకటి.
అరవై మూడు.
పది దాటితేనే జాగ్రత్త అంటారు.
నీళ్ళలో ఉప్పు తగ్గితే,
అందులో ట్రేలో మేత మిగిలితే,
అందులో కరెంటు పోయి ఏరియేటర్ ఆగితే,
లోపలికి, ఇంకా లోపలికి,
వరుసలు కుడికి జరిగి జరిగి
స్క్రీన్ అంచుకి వీపు ఆనించి నిలబడ్డాయి.

రాసిన పెంచలప్రసాద్ ఇప్పుడు కృష్ణపట్నం పోర్టులో.
ఫోన్ ఎత్తడు.

సోమవారం కోత మొదలుపెట్టాను.
ఉప్పు లెక్క వేరు. ట్రే లెక్క వేరు.
ఒక్కోటీ ఒక చూపులో పట్టేంత,
పేరు చదివితే పని తెలిసేంత.
కోసినప్పుడల్లా పరీక్షలు నడిపాను. పచ్చ. పచ్చ.

ఆరు వందల నలభయ్యో వరుసలో
కారణం లేని ఒక 'అయితే':
నెలకు రెండు రోజులు మేత సగానికి సగం.
వివరం రాయలేదు. పరీక్షా లేదు.
తీసేశాను. పచ్చ.
గర్వమేసింది, అబద్ధమెందుకు.

సాయంత్రం గంగపట్నం నించి ఆదెమ్మ,
కొత్త యాప్ ముందుగా వాడి చూసేది ఆమే.
"ఏం పాపా, రేపు అమాసని మరిచిపోయిందా మీ యాపు?
పొట్టు ఇడిచే రోజు రొయ్య మేత ముట్టదు గదా.
అడుగున కుళ్ళిందంటే గుంటంతా పోద్ది.
ముందటేడు నాకట్టనే పోయింది.
ఆ అబ్బయ్య గట్టుమీద కూర్చోని
రాసుకోని పోయినాడే!"

తిరిగి పెట్టాను.
ఈసారి దాని గది దానికి, దాని పేరు దానికి:
పొట్టువిడిచేరోజు.
పరీక్ష కూడా రాశాను,
అందులో గుంట పేరు ఆదెమ్మ.

ఇప్పుడు ఏ మెథడ్‌లోనూ ఆరు మించవు.
అన్నీ కూడితే మాత్రం
మునుపటికన్నా ఎక్కువే.

దిగుతుంటే ఖాజావలి,
వేళ్ళ నిండా వార్నిష్, అడిగాడు:
"అయిందా మేడమ్?"
"విప్పి చుట్టాను. చుట్లు అన్నే ఉన్నాయి."
"ఉండాల," అన్నాడు షట్టర్ దించుతూ,
"ఒకటి తగ్గించి చూడు, ఎట్టా కాలిపోద్దో."