హాజరు పట్టీ

పొద్దున ఐదున్నరకు
మూసారాంబాగ్ వార్డాఫీసు ముంగట
పదకొండు మంది నిలబడ్తరు
నేను పేర్లు పిలుస్త
ఎనిమిదో పేరు కొమ్ము విజయరత్నం
“ఉన్న సార్” అంటడు
ఆ ‘సార్’ కొత్త బనీను లేబుల్ లెక్క
దినమంత నా మెడకాడ గీరుకుంటది

పోయిన శ్రావణంల పైనుంచి ఒక కాయితం వచ్చింది
అంత ఇంగ్లీషే
తలకాయ ఊపుకుంట చదివినట్టు చేసిన
ఇరవై ఏండ్ల సంది అట్లనే చదువుతున్న
వెనకాల నిలబడి ఎప్పుడు చూసిండో
జేబులకెళ్లి పెన్ను తీసి
దోమ పేరుల ఒక్క అక్షరం దిద్దిండు
దిద్ది, గబుక్కున పెన్ను దాచిండు
జేబు కొడ్తూ దొరికినోని తీర్గ

ఆ రోజు చాయ్ బండికాడ
ఉస్మానియా బిస్కెట్ సగం నానినంక చెప్పిండు
క్యూలెక్స్ మీద ఏడేండ్లు
మూసీ నీళ్లు సీసాలల్ల పట్టుకపోయి
తార్నాక కాడ ల్యాబుల కండ్లు పోగొట్టుకున్న ఏడేండ్లు
పట్టా వచ్చిన్నాడు వాళ్లమ్మ
“మావోడు డాక్టరైండు” అని బస్తీ అంత చెప్తే
ఎదురింటామె మోకాలు చూపెట్టుకోనీకి వచ్చిందట
నవ్విండు
నేను సుత నవ్విన, జర ఆలస్యంగ

తర్వాత గంటకింత అని పాఠాలు
ఆర్నెల్లకోసారి జీతం
ఆఖరికి అదీ లేదు
ఏజెన్సీల ఫారం నింపేటప్పుడు
చదువు అన్నకాడ నిజం రాస్తే
“నువ్వు నాల్గు రోజులు ఉండవు, పో” అన్నరట
ఇంకో ఏజెన్సీల
ఏడో తరగతి అని రాసిండు
చేతిరాత సుత మార్చిండు
గుండ్రటి అక్షరాల కాళ్లు విరిచి

నేనేమనాలె?
నా ఫారంల పదో తరగతి పాస్ అని ఉంది
లెక్కలల్ల తొమ్మిది మార్కులొచ్చిన సంగతి
నాకు, దేవునికి, చచ్చిపోయిన మా హెడ్మాస్టరుకే ఎరుక
చెప్దామని నోటిదాంక వచ్చింది
చాయ్ పైసలు నేనిచ్చి ఊకున్న

పొగ మిషను భుజానికేసుకొని సలీంనగర్ గల్లీలల్ల తిరుగుతడు
పిల్లలు పొగల పడి ఉరుకుతరు
“చదువులేనోళ్లని పెడితే ఇంతే, ఒక్క దోమా చావట్లేదు”
అంటది బాల్కనీల నిలబడ్డ మేడం
“పొగకు చావవు మేడం
మీ కూలర్ల నీళ్లు పారబొయ్యిన్రి”
ఆమె విననట్టే నా దిక్కు తిరిగి
“సూపర్‌వైజర్ గారూ, మీరు చెప్పండి” అన్నది
గొంతు సవరించుకొని
అదే మాట అదే తీర్గ చెప్పిన
వెంటనే పారబోసింది

నిన్న నాలాకాడ గరిటెడు నీళ్లు ముంచి నాకు చూపెట్టిండు
“చూడున్రి సార్
తల కిందికి పెట్టి ఏలాడుతది
తోకతోని ఊపిరి పీలుస్తది
గట్లనే పెరుగుతది”
అద్దాలు తుడుసుకొని వంగిన
గరిటెల రెండు మొఖాలు కదిలి
ఒకటి మీద ఒకటి పడ్డయి
నీళ్లు పారబోసి మట్టి కప్పిండు

పొద్దున మళ్ల పట్టీ తెరిచిన
ఏడో పేరు అయినంక ఒక ఘడియ ఆగిన
నోట్లకెళ్లి ఇంకో మాట జారుతదేమోనని
మిగిలిన పది మంది
నాకు దగ్గొచ్చిందనుకున్నరు
“ఉన్న సార్” అన్నడు
నేను పిలవకముందే