గమ్మున

మా పక్క అయివార్ల నోట ఒకటే మాట:
"గమ్మునుండండి."
నేనూ అదే అన్నా, పదకొండేండ్లు,
నగరిలో, రేకుల కింది అంగన్‌వాడీలో,
ఇరవై ఇద్దరు పిలకాయల మింద.

ఒక్కడే నా మాట విన్నాడనుకున్నా.
తణికాచలం. ఏకాంబరం కొడుకు.
అరవడు, చాడీలు చెప్పడు,
కూర్చోబెట్టిన చోటే కూర్చుని
ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ కండెలు పేరుస్తాడు.
"వాణ్ణి చూసి నేర్చుకోండి" అని
మొదటి గుడ్డు వాడికే ఒలిచి పెట్టినా.
ఏడాదిన్నర.
ఆ గుడ్లు లెక్కేసుకుంటే
ఇప్పటికీ నిద్ర పట్టదు నాకు.

ఇంట్లోవాళ్ళకూ తెలీలేదంటే నమ్మరు మీరు.
నమ్మాల.
వాళ్ళింట్లో నాలుగు మరమగ్గాలు.
నోటితో మాట్లాడుకునేది కరెంటు పోయినప్పుడే.
రెండు వేళ్ళు కత్తెరలా ఆడితే: పోగు తెగింది.
బొటనవేలు పెదవి దగ్గరికొస్తే: నీళ్ళు.
లేని మీసం దువ్వితే: షావుకారు వస్తా ఉండాడు.
అందరికీ చేతులే నాలికలైన ఇంట్లో
ఒక బిడ్డ వినడం లేదని ఎవరు కనిపెడతారు?
మగ్గం ఆగితే వాడూ తలెత్తేవాడు, అందరితో పాటు.
అరికాళ్ళతో విన్నాడని
మాకేం తెలుసు.

ఆడి నెలలో ఒకనాడు
ఎవరో తెచ్చిన బుడగ వాడి వెనకే పగిలింది.
ఇరవై ఒక్క మంది ఉలిక్కిపడినారు.
ముగ్గురు ఏడ్చినారు.
వాడు కండె మింద కండె పెట్టినాడు.
పడిపోకుండా, జాగ్రత్తగా.

తిరుపతి పెద్దాసుపత్రికి మూడు తూర్లు తిరిగినాం.
మొదటి తూరి మిషను చెడిపోయుండింది.
రెండో తూరి వీడు నిద్రపోలేదు,
పరీక్షకు నిద్రపోవాలంట.
మూడో తూరి బస్సులోనే నిద్రపోయి
అక్కడ దిగంగానే లేచినాడు, నవ్వుతా.
జోలపాట పాడబోయి ఆగిపోయింది అముద,
వాళ్ళమ్మ.
వీపు మింద తట్టింది. తట్టింది. తట్టింది.

చెవి మిషను వచ్చేటప్పటికి చింతకాయలు పండినాయి.
పెట్టుకున్న మొదటిరోజే మగ్గాలు విన్నాడు బిడ్డ.
పీకి కండెల బుట్టలోకి విసిరేసినాడు.
"ఇంత రొదలోనా బతికినాం మేము" అన్నాది అముద,
తనూ అప్పుడే విన్నట్టు.

భవిత కేంద్రం రెడ్డెమ్మ మేడం
వాణ్ణి వదిలేసి ముందు వాళ్ళవ్వ దగ్గర కూర్చునింది.
మగ్గం సైగలన్నీ నోటుబుక్కులో బొమ్మలు గీసుకునింది.
బుక్కులో సైగలు కొన్ని, అవ్వ సైగలు కొన్ని
కలిపి నేర్పింది.
ఒకనాడు పెన్సిలు మొన విరిగితే
వాడు రెండు వేళ్ళు కత్తెరలా ఆడించినాడు:
పోగు తెగింది.
మేడం కొత్త పెన్సిలు ఇచ్చి
అటు తిరిగి చానాసేపు కిటికీలోకి చూసింది.

ఒకటో తరగతిలో చేర్చబోతే
"ఇట్లాంటోళ్ళకు వేరే బడి ఉందిగదమ్మా" అన్నాడు హెడ్మాస్టరు.
మేడం వాదించలా.
ముందు బెంచీ కిటికీ పక్కకు లాగింది,
సారు ముఖం మింద వెలుగు పడేటట్టు.
"బోర్డుతో మాట్లాడొద్దు సార్,
బిడ్డతో మాట్లాడండి" అన్నాది.
సారు సగం రోజులు మరిచిపోతాడు.
అప్పుడు పక్కనుండే కోమళ మోచేత్తో పొడుస్తాది
వాణ్ణి కాదు, బెంచీని, దబదబా,
సారు తిరిగేదాకా.

బ్యాటరీలు అయిపోతే ఇప్పటికీ నెలంతా ఎదురుచూపే.
'అమ్మా' అనే మాట ఇంకా సగమే వస్తాది.
కానీ సారు గడప దాటి వస్తుంటే
ఇప్పుడు తరగతిలో ముప్పై మంది
లేని మీసాలు దువ్వుతారు.
"గమ్మునుండండి" అంటాడాయన.
అందరూ గమ్మునే ఉంటారు, చేతులు తప్ప.

నా చేతిసంచిలో ఇప్పుడెప్పుడూ బుడగలుంటాయి.
కొత్తగా చేరిన ప్రతి పిలకాయ వెనకా
ఒకటి పగలగొడతా.
దిగ్గున లేచి, నన్ను తిట్టుకుంటా,
గుక్కపెట్టి ఏడుస్తారు.

ఏడువు నాయినా,
బాగా ఏడువు.