నీలం కనిపిస్తే పరుగెత్తు

లూవెన్‌లో వాన మొదలై ఇది మూడో రోజు.
నేలమాళిగలో కొలిమి నాలుగు వందల యాభై డిగ్రీల దగ్గర
రాత్రంతా కన్ను వాల్చలేదు.
నేనూ అంతే.

పొద్దున్నే తడిసిన సైకిలుతో వచ్చాడు వన్నెస్.
"సీసాలో వెండి నైట్రేటు అయిపోయిందిగా గోదెలీవ్,
ఇదెక్కడిది?"
చెప్పలేదు.
నల్లబడ్డ వేళ్ళు కోటు జేబులోకి పోయాయి.

వెండి ఉప్పు చీకట్లో బుద్ధిగా తెల్లగా ఉంటుంది,
చర్మానికంటి వెలుతురు చూసిందా, మసి.
నాన్న గోళ్ళ కిందా ఎప్పుడూ మసే,
ఆదివారం చర్చికి ముందు అమ్మ బ్రష్షుతో ఎంత తోమినా.
వింటర్‌స్లాగ్ బొగ్గు గని. తొట్టిలో దిగితే
చెవులు దిబ్బడ వేసేంత లోతు.
ఇరవై అయిదేళ్ళ చాకిరీకి వాళ్ళిచ్చిన వెండి పతకం
నా అరచేతిలో సగం.
వెనక ఆయన పేరు చెక్కారు,
అందులో ఒక అక్షరం తప్పు.

మొన్న రాత్రి దాన్ని బిగించి
చిన్న రంపంతో ఓ అంచు కోశాను.
ఆమ్లంలో వేస్తే ఎర్రటి పొగ,
అడుగున నీలిరంగు నీళ్ళు. రాగి కలిపారన్నమాట.
సన్మానంలోనూ కల్తీయే.
ఉప్పు వేసి వెండిని పెరుగులా విరగ్గొట్టి,
కడిగి, మళ్ళీ కడిగి, మళ్ళీ కరిగించి
తెల్లటి పొడిలో పోశాను.

జియోలైట్ చూడ్డానికి మైదాపిండి.
లోపలికి వెళ్ళగలిగితే అన్నీ గదులే,
ఒక నీటి అణువు ఒళ్ళు దగ్గర పెట్టుకుని దూరేంత గుమ్మాలు.
కాపురమున్న లిథియం కొంత సర్దుకుని బయటికొస్తుంది,
వెండి లోపలికి.
కొలిమి వేడికి గదికి నాలుగు చొప్పున
మోకాళ్ళు తగిలేలా కూర్చుంటాయి.

పతకంలో ఉన్నప్పుడు కోటానుకోట్ల గుంపు.
మెరిసేది, నిజమే,
కిటికీలోంచి పడ్డ వెలుగునే తిప్పి విసిరేది.
తనదంటూ ఒక రంగు
నలుగురే మిగిలాక గాని బయట పెట్టలేదు.

వన్నెస్ దీపాలార్పాడు.
అతినీలలోహిత దీపం నొక్కాడు.
గాజు గొట్టంలో
నీలం.

నా కాళ్ళు తలుపు వైపు తిరిగాయి.
నాకు ఏడేళ్ళప్పుడు వంటింట్లో,
గని దీపం తుడుస్తూ నాన్న చెప్పిన మాట ఒకటే:
మంట నెత్తిన నీలి టోపీ కనిపిస్తే
గాలిలో చావు కలిసిందని.
అరవకు, వెనక్కి చూడకు,
పరుగెత్తు.

"ఏమైంది?" అన్నాడు కుర్రాడు.
"ఏం లేదు. పొడిగా ఉందిగా, అందుకే నీలం."
"మూత తీసి ఊదు మరి."

వంగి ఊదాను.
పైపొర ముందు తడబడింది.
తర్వాత ఆకుపచ్చ, మెల్లగా,
ఒక్కో మెట్టే కిందికి దిగే మనిషిలా.
గుమ్మం గుమ్మం దగ్గరా నా ఊపిరి తడి ఆగి,
అడిగి, లోపలికి వెళ్ళి
ఆ నలుగురి పక్కన కూర్చుంటోంది.

నాన్న ఊపిరితిత్తుల్లోకి రాయి అలా వెళ్ళలేదు.
అడగలేదు.
అదే సిలికాన్, అదే ఆక్సిజన్,
ఎక్స్‌రేలో మంచు పడ్డట్టు తెల్లగా.
చివరి శీతాకాలం పక్కగదిలో పడుకుని
ఆయన శ్వాసలు లెక్కపెట్టేదాన్ని,
పందొమ్మిది దాటాక
లెక్క తప్పినట్టు నటించేదాన్ని.

ఇంకోసారి ఊదాను, అవసరం లేకపోయినా.
పచ్చ పసుపు వైపు ఒరిగింది.

"గాలిలో తేమ ఎంతని రాయను?" వన్నెస్ అడిగాడు.
"ఒక మనిషి ఊపిరంత."
నవ్వి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

రిజిస్టరు నావైపు తిప్పుకుని
వెండి ఎక్కడిదన్న చోట
హూబ్రెఖ్ట్ క్నాపెన్ అని రాశాను,
అక్షరం తప్పు లేకుండా.

వన్నెస్ అదేదో కంపెనీ అనుకున్నాడు.
ధర ఎంతని అడిగాడు.